కార్పణ్యము, దౌర్బల్యము

శరణాగతికి వైష్ణవాచార్యులు చెప్పిన ఆరంగములలో కార్పణ్యమొకటి: తన బలము తన్ను గట్టెక్కింపజాలదని జీవుడు భగవంతుని యెదుట ఒప్పుకొనుట. ఈ పదమునే గీతలో అర్జునుడు తన స్వభావమును చెరచిన దోషముగా చెప్పుకొన్నాడు. ఒకచోట సాధనము, మరియొకచోట దోషము. అయినను రెండు తావులందును మనిషి తన్ను గూర్చి తానే పలికిన మాట అది. మకరితో పోరి పోరి బలముడిగిన గజేంద్రుడును తన యశక్తిని తన నోటనే వెల్లడించుకొన్నాడు గాని, ఒడ్డుననున్న వారెవరును అతనికి దుర్బలుడని పేరు పెట్టలేదు.

గిరిజనులుండు కొయ్యూరు మన్యమును తలచినప్పుడెల్ల, తన్ను తాను దుర్బలుడనుకొనుటకును ఇతరులు అట్లు పేరు పెట్టుటకును గల ఈ భేదము నన్ను కలతపెట్టును. 1960-61లో ధేబర్ కమిషన్, గిరిజనులలో మిక్కిలి వెనుకబడిన వారిని వేరుగా గుర్తింపవలెనని చెప్పగా, ప్రభుత్వము వారిని తరువాత ‘ఆదిమ’ తెగలన్నది. ఆ మాట కించపరచునదగుటచే 2006లో ‘ప్రత్యేకముగా దుర్బలమైన’ సమూహములని మార్చినది. అట్టివి దేశమున 75; గదబలు, పోర్జలు, ఖోండులలోని కొన్ని శాఖలవారు, కొండరెడ్లు అందులోని వారే. ఆ జాబితా మూలముగా ఒక కుటుంబమునకు ఇల్లో, వైద్యమో దొరకునప్పుడు మాటను తప్పుపట్టుట కడుపు నిండినవాని వాదమగును, మార్పు మంచిదే.

కాని ‘పీడితుడు’ అనగానే పీడించినదెవరను ప్రశ్న పుట్టును. ‘దుర్బలుడు’ అన్నచో ఆ ప్రశ్నయే పుట్టదు, లేమి అతని పుట్టుకతో వచ్చినట్లుండును. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడును అడ్డగించినప్పుడు, కనుమదారుల పనికి చాలీచాలని కూలికి మన్యపువారిని ఈడ్చినప్పుడు, వారి బలము హరింపబడినది. అట్లు హరింపబడినను, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి ఠాణాపై పడి తుపాకులు పట్టుకొనిపోయిన మన్యపు వీరులు గాము సోదరులను, వారి అనుచరులను దుర్బలులని ఎవరనగలరు? ఏలికలు ఆ పోరాటమును పితూరీ యన్నారు. 1924 మే 7న ఇదే కొయ్యూరులో సీతారామరాజును, చేత చిక్కినవానిని, విచారణ లేకయే కాల్చి చంపినారు.

భగవంతుని యెదుట కార్పణ్యమును ఎవరును బలవంతముగా పలికింపరు. ఆఫీసు బల్ల యెదుట మాత్రము ధ్రువపత్రము కొరకు గిరిజనుడు తన లేమిని పదేపదే విన్నవించుకొనవలసి వచ్చుచున్నది. అతడు వేడుచున్నది దయ కాదు. పేరు మార్చిన ఆ 2006లోనే వెలువడిన అటవీ హక్కుల చట్టము ఒప్పుకొన్న, తాను దున్నుకొనుచున్న భూమికి పట్టా.