తెలిసినవాడి బాకీ

తెలిసిన విషయం నలుగురికీ చెప్పటం మంచిపనేనని అందరం ఒప్పుకుంటాం. ఎవరికి చెప్పాలి, ఏది ముందు చెప్పాలి అన్నప్పుడు మాత్రం ఆలోచనలో పడతాం. యీ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. గోపాలపట్నంలో మా వీధిలోంచి వచ్చింది.

నాకొక అలవాటు వుంది. రోజూ పొద్దున్నే ఏదో ఒక వింత సంగతి వెతికి మిత్రులకు ఫోనులో పంపుతాను. సూర్యుడి వెలుగు మనను చేరటానికి 8 నిమిషాలకు పైగా పడుతుందని ఒకరోజు. అలమారు, మేస్త్రీ అనే మాటలు పోర్చుగీసు నుంచి వచ్చాయని మరొకరోజు. మిత్రులు సంతోషిస్తారు. వాళ్లు పంపినవి చదివి నేనూ సంతోషిస్తాను.

2020 మే 7 తెల్లవారుజామున మా పక్కనేవున్న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ రాత్రి మళ్లీ లీకయిందన్న మాట పుట్టింది. జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. ఎదురింటి ముసలమ్మ నన్నడిగింది: "సదూకున్నోడివి గదా బాబూ, ఆ గేసు ఏటి సేస్తాది? ఎటేపెల్లాల?" పోర్చుగీసు మాటలు తెలిసిన నాకు ఆ టాంకులో ఏముందో తెలియదు.

తరవాత చదివి తెలుసుకున్నాను. స్టైరీన్ ఒక ద్రవం. దాని అణువులు వాటంతటవే ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. అతుక్కునేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా జోరుగా అతుక్కుంటాయి. అంచేత దాన్ని చల్లగా వుంచాలి, అతుకును ఆపే మందు కలుపుతూ వుండాలి. దాని ఆవిరి గాలికన్న బరువు గనక నేలబారున పాకుతుంది. ఇంతే. పదోతరగతి పిల్లవాడికి అర్థమయే సంగతి. ఇది రహస్యమూ కాదు. భోపాల్ దుర్ఘటన తరవాత 1987లో ఫాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన సరుకు గురించి కార్మికులకే గాక చుట్టుపక్కల జనానికి కూడా యజమాని తెలియజెప్పాలని రాశారు. చట్టంలో రాసింది మా వీధిదాకా రాలేదు. ఆనాడు సైరన్ కూడా మోగలేదని ప్రభుత్వం వేసిన సంఘమే తేల్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అయితే పనికొచ్చే విజ్ఞానమే పంచాలా, వింత చూసి ఆనందించటం తప్పా అని. తప్పు కాదు. ఎందుకు అని అడిగే బుద్ధి వింతలోంచే పుడుతుంది. వెలుగు గురించి అడగటం నేర్చినవాడే టాంకు గురించీ అడగగలడు. లోపం వింతలో లేదు, అది తిరిగే దారిలో వుంది. చదువుకున్న మిత్రులం ఒకరికొకరం పంచుకునేది పేరంటంలో తాంబూలం వంటిది. ఇచ్చినవాళ్ల దగ్గరే మళ్లీ పుచ్చుకుంటాం. పేరంటానికి పిలుపులేని ఇల్లు అలాగే వుండిపోతుంది.

మన పెద్దలు కొందరు యీ దారి మార్చారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి, ఇంగ్లీషు రానివాళ్ల కోసం శాస్త్రగ్రంథాలు తెలుగులో వేయించారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి మరో అడుగు వేశాడు. సవరలకు చదువు చెప్పటానికి ముందు తానే వాళ్ల భాష నేర్చుకున్నాడు. వినేవాడి దగ్గర శిష్యరికం చేశాకనే గురువయ్యాడు. ఉపకారం చేస్తున్నాననుకునే మనిషికి యీ ఓపిక వుండదు.

నిజానికి ఇందులో ఉపకారం ఏముంది? నేను చదివిన కాలేజీకి డబ్బిచ్చినవాళ్లలో ఆ ముసలమ్మ కూడా వుంది. కొనే సరుకుల్లో చాలావాటి మీద ఆమె పన్ను కడుతూనే వుంది. కర్మాగారం తయారుచేసిన సరుకు లోకమంతా వాడుకుంది, దాని ప్రమాదం మాత్రం పక్కనున్న పల్లె భరించింది. గనక ఆమెకు చెప్పటం దానం కాదు, బాకీ తీర్చటం.

పై నాలుగు సంగతులూ ఆమెకు ఆమె మాటల్లోనే చెప్పాను. శ్రద్ధగా విని, "మరి ఈ చుట్టుపట్ల ఇలాటి టేంకులు ఇంకా ఎన్నున్నాయి బాబూ?" అంది.

నా మిత్రులెవరూ నన్నా ప్రశ్న అడగలేదు. జవాబు ఇంకా వెతుకుతున్నాను.