మాటల చుట్టరికము

చిద్రిలోను బీదరు పట్టణములోను తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో ఒక ప్రశ్న తరచు వినవచ్చును. 1956 నవంబరు 1న జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోగా బీదరు మైసూరు రాష్ట్రమున చేరెను. పిల్లలకు బడిలో కన్నడము వచ్చుచున్నది. రెండును అక్కచెల్లెండ్రే కదా, ఇంట తెలుగు కొరకు ఇంత పట్టుదల యేల?

చుట్టరికము నిజమే. మన పాలు వారికి హాలు, పులి హులి, పువ్వు హూవు. పూర్వము కన్నడమందును ఈ మాటల మొదట పకారమే యుండెను. అట్లే వేరు బేరు, వెల బెలె, వెదురు బిదిరు. బీదరు పేరునకు విదురుని కథ యొకటి చెప్పుదురు గాని, బిదిరే మూలమనుట మాకు సమంజసముగ తోచును. అయితే పోలిక యెల్ల చుట్టరికము కాదు. బజారు రెంటను బజారే. అది పారసీకమునుండి వచ్చిన అతిథి. ఇక ఊట యనిన మనకు చెలమలోని నీరు, వారికి విస్తరిలోని భోజనము!

1816లో మదరాసు కలెక్టరు ఎల్లిస్ దొర తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో ఒక కుటుంబమనియు చూపెను. అంతకు శతాబ్దము ముందే, 1707లో, ఎడ్వర్డ్ లూయిడ్ అను వేల్సు పండితుడు కెల్టిక్ భాషల నిట్లే సరిపోల్చి గ్రంథము ప్రకటించెను. ఐరిషున కొడుకు మాక్, వెల్షున మాబ్. తల అందు క్యాన్, ఇందు పెన్. మన పకార హకారముల వలెనే అచ్చట కకారమునకు పకార బకారములు.

ఆ కుటుంబములోనే మాన్ దీవి భాషయగు మాంక్స్ ఐరిషునకు సొంత చెల్లెలు. బాల్యమునుండి దానిని పలికినవారిలో కడపటివాడగు నెడ్ మాడ్రెల్ 1974లో మరణించెను. ప్రక్క ద్వీపమున అక్క బ్రదికియుండుట చెల్లెలిని కాపాడలేదు. నేడు కొందరు పుస్తకములనుండియు, ధ్వనిముద్రణములనుండియు దానిని కూడబలుకుకొని నేర్చుచున్నారు. తల్లి ఒడిలో ఉచితముగ దొరకవలసినదానికి ఎంత ప్రయాస!

కావున చుట్టరికమును తెలుగు విడుచుటకు సాకుగ గాక, నిలుపుకొనుటకు సాయముగ వాడవలెనని మా అభిప్రాయము. హాలు అడిగిన బిడ్డను గద్దింపనేల? అది చెడిన తెలుగు కాదు, మంచి కన్నడము. ప్రక్కనే పాలు అని పలికి, ఈ పకార హకారముల సంగతి ఒక్కసారి చెప్పి చూడుడు. హులికి పులి, హూవుకు పువ్వు తానే వెదకికొనును. హళ్ళి కనబడగనే పల్లె యనును.