గేహజీ తీసికొనిపోయిన దండము

చదువవలసిన భాగము: 2 రాజులు 4:8–37



షూనేములోని ఆ తల్లి కథ మీరెరిగినదే. కోతవాండ్రయొద్దకు పోయిన బిడ్డ తలనొప్పియని ఏడ్చి, మధ్యాహ్నమునకు తల్లి ఒడిలోనే చనిపోయెను. ఆమె గాడిదనెక్కి కర్మెలునకు త్వరపడెను. దూరమునుండి ఆమెను చూచిన ఎలీషా తన పనివాడైన గేహజీని ఎదురు పంపి క్షేమమడిగించెను. బిడ్డ శవము ఇంట మంచముమీద నుండగా ఆమె అతనితో అంతయు సుఖమేయని చెప్పి ముందుకు సాగెను! ప్రవక్త పాదములు పట్టుకొన్న తరువాతనే ఆమె లోపలి దుఃఖము బయటపడెను.

మన ఇండ్లలో ఆదివారము సాయంకాలము జరుగుచున్నది ఇదియే కాదా? హైదరాబాదు నుండి కుమారుడు ఫోను చేసి, "అమ్మా, ఒంట్లో ఎట్లున్నది?" అని అడుగును. మోకాలు వాచి నాలుగు దినములనుండి మంచము దిగని తల్లి, "నాకేమి నాయనా, బాగున్నాను. నీవు వేళకు తింటున్నావా?" అనును. పని పోయి మూడు వారములైన కుమారుడు, "తింటున్నానమ్మా" అనును. ఇరువురును ప్రేమచేతనే దాచుచున్నారు. బొమ్మ కనబడు ఫోనులో సైతము ముఖము కనబడును గాని మోకాలు కనబడదు.

ఈ సౌకర్యము మనకు నిన్న మొన్న దొరికినదే. పూర్వము పల్లెకు తంతి వచ్చినదంటే విప్పి చదువకముందే ఇంట ఏడ్పు పుట్టెడిది. ఆ తంతి 2013 జూలైలో మన దేశమున నిలిచిపోయెను. చేత పట్టుకొని మాటలాడు ఫోనును 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో మార్టిన్ కూపర్ మొదట వాడి చూపెను. అది కిలోకు పైగా తూగెడిది. మన దేశమున 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని మంత్రి సుఖరామ్‌తో మాటలాడిరి. ఆ దినములలో మనకు వచ్చిన పిలుపునకు సైతము మనమే డబ్బు కట్టవలసియుండెను. 2003లో ఆ భారము తొలగెను. ఆ యేటనే వచ్చిన నోకియా 1100 లోని చిన్న దీపము కరెంటు లేని రాత్రులు పొలముగట్లమీద ఎంత ఉపకారము చేసెనో మీలో అనేకులెరుగుదురు. ఇప్పుడు గడియారము, బ్యాంకు, పాటల పుస్తకము, బైబిలు అన్నియు ఆ పలకలోనే చేరినవి.

మాదాపురములో 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. రాళ్లగుట్టలున్న ఆ ప్రాంతమున నేడు గచ్చిబౌలి దాటి అద్దాల మేడలే. మన బిడ్డలలో ఒకడు అక్కడ కంప్యూటరు ముందు కూర్చుండును, ఒకతె ఆ మేడలు ఊడ్చును, ఒకడు గేటువద్ద కావలియుండును, ఒకడు మోటారుసైకిలుమీద భోజనపు పొట్లములు మోయును. ఈ కడపటివానికి ఫోనే మేస్త్రీ. ఏ ఇంటికి పోవలెనో, ఎంత కూలి వచ్చెనో అదే చెప్పును. అది ఆగిన దినమున కూలియు ఆగును. పండుగకు వచ్చిన బిడ్డలను "ఎప్పుడు చూచినను ఆ ఫోనేనా" అని గద్దించుట అందుచేత అన్నివేళల న్యాయము కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు కంప్యూటరు పనివారు అనేకులు నెలల తరబడి ఊరిలోనే ఉండి పనిచేసిరి. మనిషి ఇంటనున్నను చెవి సైబరాబాదులోనే యుండెనని తల్లులు నవ్వుకొనిరి. అయినను ఎదుటనున్నాడు గదా!

ఎలీషా మొదట తన దండమును గేహజీ చేతికిచ్చి, బిడ్డ ముఖముమీద పెట్టుమని పంపెను. గేహజీ ముందుగా చేరి అట్లే పెట్టెను. ఉలుకు లేదు, పలుకు లేదు. పిమ్మట ప్రవక్తయే వచ్చి, తలుపు మూసి ప్రార్థించి, నోటికి నోరు, కంటికి కన్ను, చేతికి చేయి ఆనించినప్పుడు చల్లబడిన ఒళ్లు వెచ్చబడెను.

దండమును పంపినవాడు ప్రవక్తయే గనుక దానిని మేము తప్పుపట్టము. ఫోనును అట్టిదే. 2005లో హైదరాబాదునందు ఆరంభమైన 108 బండిని అర్ధరాత్రి పిలుచుటకు అది లేక ఎట్లు? కాని ఆ తల్లి, గేహజీ పోయెను గదాయని తృప్తిపడలేదు. నిన్ను విడువనని ప్రవక్తతో పట్టుబట్టెను. ఆ పట్టుదలనుబట్టియే ఆయన లేచి ఆమె వెంట నడచెను.

తల్లులారా, తండ్రులారా, మనము అంతగా పట్టుబట్టుచున్నామా? "పని చెడగొట్టుకొని రావద్దు" అని మనమే చెప్పుచున్నాము. మోకాలు వాచినదని చెప్పుడి. జీతము వచ్చుచున్నదా అని అడుగుడి. జవాబునకు ముందు వాడు ఒక్క క్షణము ఆగినయెడల ఆ ఆగుటను వినుడి. కోతల పండుగ తేదీని సంఘ పెద్దలు ముందుగా నిర్ణయించినచో బిడ్డలు రైలు టిక్కెట్టు అరువది దినములు ముందే ఆ ఫోనులోనే కొనగలరు. వారు రాలేనియెడల మనమే పోవుదము. షూనేమీయురాలు గాడిదమీద కర్మెలు వరకు పోయెను. మనకైతే సికింద్రాబాదులో దిగి మెట్రో ఎక్కినచో 2019 నుండి హైటెక్ సిటీ స్టేషను వరకు రైలు ఉన్నది.