పగటికిని రాత్రికిని నడుమ

విజయవాడ బాటను హైదరాబాదు చేరువారికి ఎదురుపడు పెద్ద కూడలి ఎల్‌బీ నగర్. విజయవాడలో ప్రొద్దు క్రుంకిన ఇంచుమించు 8 నిమిషములకు గాని ఇచ్చట క్రుంకదు. భూమి తిరుగుచుండగా రాత్రి అంచు తూర్పునుండి నిమిషమునకు సుమారు 26 కిలోమీటర్ల వేగముతో వచ్చును. అయినను ఆ కూడలిలో నిలిచి, "ఇదిగో, పగలు ఇచ్చట ముగిసినది" అని గీత గీయగలవాడెవడు? సూర్యుడు మరుగైన తరువాతను పైనున్న గాలి వెలుగును చెదరగొట్టి క్రిందికి పంపును. అందుచేత సంజ మెల్లమెల్లగా చీకటియగును.

గాలి లేని చంద్రునిమీద ఇట్టి సంజ లేదు. అయినను అక్కడను అంచు కత్తివాదర వంటిది కాదు. సూర్యబింబము పూర్తిగా మునుగుటకు గంటకు పైగా పట్టును. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగిన తావున రాత్రి అంచు గంటకు 5 కిలోమీటర్లకు కొంచెము మించి సాగును. వడిగా పడమటికి నడచువాడు దానికి చిక్కకుండ పోగలడు. అచ్చట దిగిన యంత్రములు మాత్రము సెప్టెంబరులో ఆ రాత్రికి చిక్కి, మరల మేలుకొనలేదు.

"గీత కనబడనప్పుడు భేదమే లేదు" అని కొందరందురు. పాలలో నీళ్లు కలుపువాడు ఇట్లే తన్ను తాను ఓదార్చుకొనును. నిన్న గరిటెడు, నేడు చెంబెడు. ఎన్నవ చుక్కయొద్ద మోసము మొదలైనదో చెప్పుడని అడుగును. ఎవరును చెప్పజాలరు. కాని సంజకు గీత లేనందున మధ్యాహ్నమును అర్ధరాత్రియు ఒకటి కావు గదా!

మరియొక సంగతి ఆలోచించుడి. వేకువ మసకయు సాయంకాలపు మసకయు చూపునకు ఒక్కటే. ఒకటి పగటితట్టు పోవును, రెండవది రాత్రితట్టు పోవును. భేదమంతయు అందే యున్నది. కాబట్టి మసకలో నున్నవాడు అడుగవలసినది "నేను గీత దాటితినా?" అని కాదు, "నేను ఎటు పోవుచున్నాను?" అని. నీళ్లు పోయు చెయ్యి నిన్నటికంటె నేడు తగ్గినదా, హెచ్చినదా? పాలవానికే కాదు, సంఘపు లెక్క వ్రాయువానికిని, కూలి కొలుచువానికిని ఇదే ప్రశ్న.

భూమి మనలను అడుగకయే రాత్రిలోనికి త్రిప్పును. మనస్సు అట్టిది కాదు. అది చంద్రునిమీద నడచువానివలె వెలుగును విడువక సాగవచ్చును. ఎత్తిన చెంబును నేడే దించుడి. ఇంకను దారి కనబడుచుండగా మరలుట తేలిక.