కాగితం మీద ధర

గుంటూరులో రెండు పోర్షన్ల పాత ఇల్లొకటి బేరానికొచ్చింది. ధర 60 లక్షలు. దస్తావేజులో గవర్నమెంటు విలువ 35 లక్షలే రాసుకుని మిగతా పాతిక చేతికివ్వమన్నాడు అమ్మేవాడు. కొనబోయే కుర్రాడు, ఒకప్పుడు దస్తావేజులు రాసిన బాబాయి దగ్గరికి సలహాకు వెళ్లాడు.

"ఆ ఇంటి ధరెంతరా?"

"అరవై, బాబాయ్."

"కాగితం ముప్పై అయిదంటోందిగా?"

"అది ఆఫీసు కోసం. ధరంటే ఇద్దరం అనుకున్న మాటే కదా!"

"మాటయితే మీరిద్దరూ ఉన్నన్నాళ్లే. ఇల్లు మీకంటే ఎక్కువ కాలం ఉంటుంది. రేపు నీ కూతురికి ఆ ఇల్లొస్తే, ఆవిడ అమ్మేటప్పుడు పన్ను లెక్కకి కొన్న ధర ఆ ముప్పై అయిదే. నువ్విచ్చిన పాతికకి సాక్ష్యం ఎవరు చెబుతారు?"

"అందరూ ఇట్లాగే రాయించుకుంటున్నారు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం. పాతిక మీద 1,87,500 మిగులుతుంది."

"మిగలనీ. అయిదేళ్లకి 80కి అమ్మావనుకో. లాభమెంత?"

"ఇరవై."

"కాగితం ప్రకారం నలభై అయిదు. రెండేళ్లు దాటాక అమ్మితే 12.5 శాతం పన్ను. నీకు రాని పాతిక లాభం మీద 3,12,500 కట్టాలి, సెస్సు అదనం. అతను ఇంటితోపాటు తన పన్ను కూడా నీకు అమ్ముతున్నాడు."

"అప్పుడు నేనూ సగం బ్లాక్‌లో తీసుకుంటా."

"ఇచ్చేవాడు దొరకొద్దూ? ఉద్యోగస్తుడు బ్యాంకు లోనుతో వస్తాడు, పూర్తి ధరకి రాయమంటాడు. పైగా ఆస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడమే చట్టవిరుద్ధం. పట్టుబడితే పుచ్చుకున్నంతా జరిమానా."

"నేనొక్కణ్నే హరిశ్చంద్రుణ్నయితే అతను ఇల్లు ఇంకొకరికి అమ్ముకుంటాడు."

ఇక్కడ కుర్రాడి మాటలో పస ఉంది. అమ్మేవాడు ఒప్పుకోనిదే కొనేవాడి నిజాయితీతో రిజిస్ట్రేషన్ జరగదు. పన్ను గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ చిక్కుని దాటేసి పోతారు. బాబాయి దాటెయ్యలేదు.

"అతనికి అసలు పన్నెంత పడుతుందో ఎవరైనా లెక్క వేశారా?"

"లేదు."

"మరి దేనికి భయపడుతున్నట్టు? వాళ్ల నాన్న కట్టిన పాత ఇల్లు. 2001కి ముందుదయితే ఆ ఏడు ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా చూపించుకోవచ్చు. లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు పన్ను లేదు. ఇల్లు వద్దనుకుంటే ఆర్నెల్లలోగా ప్రభుత్వం చెప్పిన బాండ్లలో 50 లక్షల దాకా పెట్టొచ్చు. అయిదేళ్లు కదపకూడదు, అంతే. ఇవన్నీ పోను పన్ను మిగిలితే దాని మీద బేరమాడు. లక్షో రెండో పెంచు. పెంచింది కూడా నీ కొన్న ధరలో చేరుతుంది."

"పూర్తిగా రాస్తే ఒక శాతం టీడీఎస్ గొడవొకటి."

"50 లక్షలు, ఆపైన ఎంతకి కొన్నా తప్పదు. అతనికిచ్చే దాంట్లో 60 వేలు పట్టుకుని అతని పాన్ మీద కట్టు. రిటర్నులో సర్దుకుంటాడు. నీ సంగతి చూడు. కాగితం నిండుగా ఉంటే లోను ఎక్కువొస్తుంది, ఇల్లు అద్దెకిస్తే ఆ లోను వడ్డీ అద్దెలోంచి తీసేసుకోవచ్చు. నువ్వు కట్టిన ఇంటి పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం ఎలాగూ వదిలేస్తారు. సున్నం వేయించావా అని అడగరు, రసీదూ అడగరు."

"అంటే నిజం రాస్తే లాభమేనంటావా?"

"ప్రతిసారీ అనను. రేపే లక్షా ఎనభై ఏడు వేలు నీ జేబులోంచి పోతాయి. అది ఎందుకు పోయిందో, ఎంత పోయిందో నీకు తెలుస్తుంది. రెండో దారిలో ఎంత పోతుందో చెప్పడం నా వల్ల కాదు."

కుర్రాడు ఏం చేశాడన్నది అతని ఇష్టం. నా మట్టుకు బాబాయి వైపే మొగ్గుతాను. ఇల్లు కొనేవాళ్లకు ఒక్క మనవి: బయానా ఇచ్చేముందే అమ్మేవాళ్ల పన్ను లెక్క కూడా ఆడిటరుతో వేయించండి. ఆ ఫీజు మీరే పెట్టుకోండి.