నువ్వు పక్కనున్నా...

చావింటికి వెళ్ళినవాళ్ళు మొదటి పది నిమిషాల్లో అనే మాటలు అందరికీ కంఠతా వచ్చినవే. రాసిపెట్టి ఉంది. మన చేతుల్లో ఏముంది. నొప్పి తెలియకుండా పోయింది, పుణ్యాత్మురాలు. వీటన్నిటిలోకీ కాస్త చదువుకున్నట్టు వినిపించేది ఇంకొకటుంది: నువ్వు పక్కనున్నా చేయగలిగేది ఏమీ లేదమ్మా. తలరాతను నమ్మనివాళ్ళు కూడా దీన్ని ధైర్యంగా వాడేస్తారు. ఇంతకీ ఈ మాట ఎవరి కోసం? పోయినవాళ్ళకు ఎలాగూ వినబడదు. ఉన్నవాళ్ళకు నిజంగా పనికొస్తుందా? ఈ వ్యాసకర్తకు ఆ అనుమానం అంటించింది ఏ ఉపనిషత్తో కాదు, పిశాచాలను చంపే ఒక అమ్మాయి టీవీ సీరియల్.

‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అమెరికాలో 1997 నుంచి 2003 దాకా ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు నడిచింది. కాలిఫోర్నియాలో సన్నీడేల్ అనే కల్పిత ఊరు, హైస్కూలు కింద నరకానికి ద్వారం, పగలు క్లాసులకు వెళ్ళి రాత్రిళ్ళు రక్తపిశాచుల గుండెల్లో కొయ్యమేకు దించే బఫీ. పేరు వినగానే నవ్వుకుని చానెల్ మార్చేసినవాళ్ళను తప్పుపట్టలేం. ఐదో సీజన్లో 16వ ఎపిసోడ్, ‘ద బాడీ’, 2001 ఫిబ్రవరి 27న ప్రసారమైంది. అప్పటికి బఫీ కాలేజీ పిల్ల. ఆ ఎపిసోడ్‌లో ఆమె తల్లి జాయిస్ చనిపోయి కనిపిస్తుంది. పిశాచం కొరికి కాదు. మెదడులో ఒక రక్తనాళం పగిలి, పట్టపగలు, ఇంట్లో సోఫా మీద. అంతకుముందే మెదడులో కణితికి ఆపరేషన్ జరిగింది, గండం గడిచిందనే అనుకున్నారు.

రాసి, దర్శకత్వం వహించిన జాస్ వీడన్ తల్లి కూడా మెదడులో నాళం పగిలే పోయారు. ఎపిసోడ్ పొడవునా ఆయన నేపథ్య సంగీతం పెట్టలేదు. ఎక్కడ ఏడవాలో చెప్పే వయొలిన్ లేదు. మన సీరియళ్ళకు అలవాటుపడ్డ చెవికి ఇది మొదట టీవీ పాడైనట్టే ఉంటుంది.

బఫీ ఇంట్లోకి వస్తూ హాల్లో పూలగుత్తి చూస్తుంది. అమ్మకు ఎవరో పంపారు. మేడ మీద ఉందనుకుని కేకేసి ఆటపట్టిస్తుంది. తర్వాత సోఫా వైపు చూస్తుంది. భుజాలు పట్టుకుని ఊపుతుంది. ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, అవతలి గొంతు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెడుతుంది. లోపల పక్కటెముక విరిగిన చప్పుడు వినిపిస్తుంది. సీపీఆర్‌లో ఎముక విరగడం డాక్టర్లకు కొత్త కాదు. కానీ రాక్షసులను ఒంటిచేత్తో విసిరికొట్టే చేతులవి. ఇన్నేళ్ళూ లోకాన్ని కాపాడిన ఆ బలం అమ్మ దగ్గరికొచ్చేసరికి పనికొచ్చింది ఇందుకు. ఆ గాభరాలోనే, పైకి జరిగిన తల్లి స్కర్టును కిందికి లాగి సర్దుతుంది.

అంబులెన్సు వాళ్ళు పని చేస్తుండగా కొన్ని క్షణాలు జాయిస్ కళ్ళు తెరుస్తుంది. ఆసుపత్రిలో నవ్వుతుంది, డాక్టరు అద్భుతమంటాడు. అదంతా బఫీ తలలోనే. ఆ కలలో కూతురు వేళకు వచ్చింది. కల చెదిరాక, చనిపోయి చాలాసేపైందని వాళ్ళు చెప్పి, ఇంకో పిలుపు వస్తే వెళ్ళిపోతారు.

అసలు ముల్లు ఆసుపత్రిలో ఉంది. నాళం హఠాత్తుగా పగిలిందనీ, బాధ తెలిసి ఉండదనీ, ఎవరైనా దగ్గరున్నా బహుశా కాపాడలేకపోయేవాళ్ళనీ డాక్టరు చెబుతాడు. నొప్పి లేదన్నది ఖాయమేనా అని బఫీ అడుగుతుంది. అప్పుడు అదే నోటితో, అదే మర్యాదతో, నీ మనసు కుదుటపడాలంటే నేను అబద్ధం చెప్పక తప్పదు అన్న అర్థంలో మాటలు వినిపిస్తాయి. ఆయన అనలేదు, ఆమెకు అలా వినబడింది.

తమాషా ఏమిటంటే, డాక్టరు మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువ. ఇలా నాళం పగిలినవాళ్ళలో కొందరు ఆసుపత్రి గడప తొక్కకముందే పోతారు. నిజం చెప్పినా అబద్ధంలా ఎందుకు వినబడింది? ఎందుకంటే బఫీ బతుకంతా ‘నేనుంటే ఆపగలను’ అన్న ఒక్క నమ్మకం మీద నిలబడింది. ‘నువ్వున్నా లాభం లేదు’ అనడం ఆమెకు ఓదార్పు ఎలా అవుతుంది? అది ఉద్యోగం పీకేయడం. తప్పు నాదే అనుకుంటే కనీసం చావుకు ఒక పిడి దొరుకుతుంది, పట్టుకోవడానికి. పొద్దున్నే ఫోన్ చేసి ఉంటే, ఆ ఊరు వెళ్ళకుండా ఉంటే అని నెలల తరబడి లెక్కలు వేసే మన కొడుకులూ కూతుళ్ళూ ఆ పిడినే పట్టుకుంటారు. చుట్టాలు వచ్చి దాన్ని ఊడబెరికి, ఓదార్చామనుకుంటారు.

మరి ఆ లెక్కల్లో కొంచెం గర్వం లేదా? అమ్మ చావులో కూడా ముఖ్యపాత్ర నాదే కావాలనడం కాదా అది? అయి ఉండొచ్చు. ఇక్కడ ఆలోచన ముందుకు కదలదు.

వీడన్‌కూ కదల్లేదేమో. చివర్లో శవాగారంలో ఒక పిశాచాన్ని లేపాడు. అమ్మను చూడాలని చెల్లెలు డాన్ ఒంటరిగా అక్కడికి వెళుతుంది, పక్క బల్ల మీది శవం లేచి ఆమె మీద పడుతుంది, బఫీ వచ్చి దాన్ని తుదముట్టిస్తుంది. ఇంతసేపు కొట్టడానికి ఎవరూ దొరకని చావును చూపించి, ఆఖర్న ఎవరో ఒకరిని అందించడం పిరికితనంగా అనిపిస్తుంది. మళ్ళీ చూస్తే అంత కచ్చితంగా చెప్పలేం. పెనుగులాటలో జాయిస్ మొహం మీది దుప్పటి జారుతుంది. గెలిచిన చేతులతో కూర్చున్న బఫీకి ఆ గెలుపు ఎందుకూ కొరగాలేదు. అమ్మ ఎక్కడికి వెళ్ళిందని డాన్ అడుగుతుంది.

వింతేమిటంటే, ఆ కథాలోకంలో ఈ ప్రశ్నకు జవాబుంది. ఆరో సీజన్లో, చచ్చి బతికించబడ్డ బఫీయే, తాను స్వర్గంలాంటి చోట హాయిగా ఉన్నానని చెబుతుంది. ‘మంచి చోటికే వెళ్ళింది’ అన్న ఓదార్పు అక్కడ అక్షరాలా నిజం! అయినా ఐదో సీజన్లో ఎవరైనా వచ్చి ఆ మాట చెప్పి ఉంటే బఫీకి ఒరిగేదేమీ లేదు. చిన్నది అడిగింది అమ్మ ఎక్కడుందని. పెద్దదాన్ని తొలిచేస్తున్నది, అప్పుడు నేనెక్కడున్నానని. తర్వాతి ఎపిసోడ్ ‘ఫరెవర్’లో డాన్ మంత్రం వేసి తల్లిని వెనక్కి రప్పించబోతుంది. తలుపు చప్పుడవుతుంది. అంతదాకా వద్దని వాదించిన బఫీ కూడా ‘మమ్మీ’ అంటూ పరుగెత్తుతుంది. ఈలోగా డాన్ అమ్మ ఫోటో చింపేస్తుంది, తలుపు తీస్తే గుమ్మంలో ఎవరూ ఉండరు.

ఇంత తవ్వుకున్నాక కూడా, చావింటి అరుగు మీద కూర్చుంటే ఈ వ్యాసకర్త నోటికి వచ్చేది ఆ పాత మాటే. డాక్టరుకూ వేరే మాట దొరికి ఉండదు. ఆయన చేయించాల్సిన సంతకాల ప్రస్తావన తెస్తాడు. ఇన్నేళ్ళూ బఫీకి యుద్ధం నేర్పిన జైల్స్, ఆ కాగితాల పని తాను చూసుకుంటానంటాడు. దానికి మాత్రం ఆమె ఎదురుప్రశ్న వేయదు.