యజమాని, నచికేతుడు

ఉద్యోగమిచ్చి పని చేయించుకునేవానిని తెలుగులో యజమాని అంటారు. యజ్ఞం చేసేవాడు అనే అర్థమున్న సంస్కృత యజమాన శబ్దం నుంచి వచ్చిన మాట ఇది. ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసే కథ కఠోపనిషత్తులో ఉంది. సర్వస్వమూ దానం చేయవలసిన యాగంలో వాజశ్రవసుడు ఇస్తున్నవి వట్టిపోయిన ఆవులు: ఇక నీళ్లు తాగలేనివి, గడ్డి మేయలేనివి, ఈనే సత్తువ లేనివి. వాటిని తోలుకుపోతుండగా చూసిన కుమారుడు నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతుంది. శ్రద్ధ అంటే నేటి వాడుకలో చెప్పిన పని మీద మనసు పెట్టడం. ఇక్కడ మాత్రం శంకరాచార్యులు ఆ మాటకు ఆస్తిక్యబుద్ధి అని, అంటే ఆ కర్మ సత్యమైనదనే గట్టి నమ్మకమని అర్థం చెప్పారు. యాగాన్ని మనసారా నమ్మినవాడు కనుకనే ఆ పిల్లవాడు ఊరుకోలేక, తనను ఎవరికిస్తావని తండ్రిని అడిగాడు. నమ్మకం లేనివాడైతే చూసీ చూడనట్టు పోయేవాడు.

సుమారు 1997, 2012 సంవత్సరాల మధ్య పుట్టి, జెన్ జెడ్ అని పిలిపించుకుంటున్న తరం నేడు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అడిగే ప్రశ్నలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. ప్రతి శుక్రవారం సాయంత్రం నింపవలసిన ఎక్సెల్ షీటును చూపి, దీన్ని చదివేదెవరని కొత్తగా చేరిన కుర్రవాడు అడిగితే టీమ్ లీడ్ చెవికి అది ధిక్కారంగా వినిపిస్తుంది. ఎవరూ చదవని ఆ షీటు నిజానికి వట్టిపోయిన ఆవే. బద్ధకం కూడా ప్రశ్న వేషం కట్టగలదన్నది నిజమే గాని, ఏది బద్ధకమో ఏది శ్రద్ధో తేలాలన్నా ముందు జవాబు చెప్పవలసి ఉంటుంది. వాజశ్రవసుడు ఆ పని చేయలేదు. మూడోసారి అడిగేసరికి నిన్ను మృత్యువుకిచ్చానన్నాడు.

ఆ మృత్యువు, అంటే యముని, తీరు వేరు. తండ్రి మాట ప్రకారం తన ఇంటికి వచ్చి, తాను ఇంట లేనందున మూడు రాత్రులు పస్తున్న ఆ బాలునికి యముడు వస్తూనే నమస్కరించి, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. ఎవరికీ జవాబుదారీ కానక్కరలేని అధికారి తన ఇంటి లోపాన్ని తానే ఒప్పుకున్నాడు. తండ్రి కోపం చల్లారాలన్నది నచికేతుడు కోరిన మొదటి వరం. ప్రశ్నించినవాడు బంధం తెంచుకోదలచలేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. మూడో వరంగా మరణానంతర రహస్యం అడిగినప్పుడు యముడు ఏనుగులు, గుర్రాలు, బంగారం, దీర్ఘాయువు చూపి ఆశపెట్టాడు. బాలుడు కాదన్నందుకు నొచ్చుకోక, ఇలా అడిగేవారే తనకు కావాలన్నాడు. అయితే ఇంటి అద్దె కట్టుకోవలసిన యువకుడు జీతం పెంచమంటే, నచికేతుని వైరాగ్యం చెప్పి నోరు మూయించడం ఈ కథకు చేసే ద్రోహం.

పని నేర్పే తీరు కనిపించేది రెండో వరంలో. స్వర్గానికి చేర్చే అగ్నిచయనాన్ని, అంటే ఇటుకలతో యజ్ఞవేదిని పేర్చే విధిని, ఎలాంటి ఇటుకలు, ఎన్ని, ఎలా పేర్చాలి అన్నంత వివరంగా యముడు చెప్పాడు. విన్నదాన్ని విన్నట్టే నచికేతుడు తిరిగి అప్పజెప్పగా, సంతోషించిన ఆ గురువు అడగని వరం మరొకటిచ్చాడు: ఇకమీదట ఆ అగ్నిని జనులు నచికేతుని పేరుతోనే పిలుస్తారన్నాడు.